ఈ పరిశీలకుడు గమనించినది

పొయ్యి రాజుకున్నాక ఆ ఉత్తరం టైపు చెయ్యమన్నాడు వెల్బీ. ముందు పొయ్యి, తర్వాత ఉత్తరం. ప్రాగ్‌లోని ఈ విదేశీ రాయబార కార్యాలయంలో రెండేళ్లుగా నా రోజు ఈ వరసలోనే నడుస్తోంది. నన్ను తీసుకున్నది టైపుకూ, మా చెక్ పత్రికల్ని వాళ్ల ఇంగ్లీషులోకి మార్చడానికీ. పొయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. మొదటి చలికాలంలో ఒక ఉదయం వేళ్లు కొంకర్లు పోయి మీటలు పడకపోతే నేనే నాలుగు బొగ్గులు వేశాను. మర్నాటి నుంచి అది నా పని అయిపోయింది. ఇంట్లోనూ ఇలాగే జరిగింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి అత్తగారి చెప్పులు పొయ్యి పక్కన వెచ్చబెట్టి ఇచ్చాను, ప్రేమగానే. పదకొండేళ్లయింది. ఇప్పుడు ఒక్కరోజు అవి చల్లగా తగిలితే, "మర్చిపోయావా అమ్మాయ్? ఆఫీసులో దొరల పనులైతే అన్నీ గుర్తుంటాయి కాబోలు" అంటుంది.

వెల్బీ ఇక్కడ రెండో కార్యదర్శి. మా దేశంలో ఏం జరుగుతోందో గమనించి తన ప్రభుత్వానికి రాయడం అతని ఉద్యోగం. అతను నగరాన్ని కారులోంచి చూస్తాడు, విందుల్లో చూస్తాడు, ఈ గది కిటికీలోంచి చూస్తాడు. నేను బంగాళదుంపల వరసలో నిలబడి చూస్తాను.

కిందటి నెలలో ఒక శుక్రవారం కొందరు మంత్రులు రాజీనామా చేశారు. అధ్యక్షుడు వాళ్లను వెనక్కి పిలుస్తాడా, కమ్యూనిస్టులకు పగ్గాలు ఇస్తాడా అని దేశమంతా ఎదురుచూసింది. మర్నాడు చౌరస్తాల్లో లౌడ్ స్పీకర్లు మోగుతుంటే నేను మాంసం కొట్టు ముందు మంచులో నిలబడ్డాను. మా వరసల్లో కొత్తగా వచ్చినవాళ్లు "చివర ఎవరండీ?" అని అడగడం ఆనవాయితీ. ఆ రోజు ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు మాట్లాడకుండా వెనక నిలబడ్డారు. నా వంతు వచ్చేసరికి కొట్టతని భార్య లుద్మిల, ఏళ్ల తరబడి నన్ను అమ్మగారూ అని పిలిచిన మనిషి, రేషన్ చీటీ కత్తిరిస్తూ తల ఎత్తకుండా అంది: "ఎముకతో ఇవ్వనా కామ్రేడ్, లేకుండానా?"

లుద్మిల ఎప్పుడూ గెలవబోయే పక్షం వైపే నిలబడుతుంది. జర్మన్లు వచ్చినప్పుడు మా వీధిలో చెయ్యి చాచి పెట్టే వాళ్ల దండం ముందుగా నేర్చుకున్నది ఆవిడే. వాళ్లు పోయే వారం ముందు మానేసిందీ ఆవిడే.

సోమవారం వెల్బీకి చెప్పాను. నవ్వాడు. "బ్లజెనా గారూ, అధ్యక్షుడు ఏం చేస్తాడో మాంసం కొట్లో తేలుతుందా?" అన్నాడు. మంగళవారం తంతి ముసాయిదా నా బల్ల మీదకి వచ్చింది. 'చిల్లర వర్తకులు పిలిచే తీరులో అప్పుడే మార్పు వచ్చిందని ఈ పరిశీలకుడు గమనించాడు.' నా వేళ్లతో నేనే కొట్టాను. బుధవారం సాయంత్రానికి అధ్యక్షుడు కమ్యూనిస్టుల ప్రభుత్వానికి సంతకం పెట్టేశాడు.

రెండేళ్లలో ఈ పరిశీలకుడు చాలా గమనించాడు. మా తమ్ముడి కూతురి పాఠ్యపుస్తకంలో ఏ పుటలు చదవనివ్వకుండా అతికించారో గమనించాడు. పల్లెలో మా అమ్మ గోధుమ మూటల్ని ఎక్కడికి తోలించారో గమనించాడు. ఎప్పుడైనా ఒక్కసారి, చివరి పంక్తిలో నా పేరు కనిపిస్తే బాగుండునని అనుకునేదాన్ని. మా ఊరి బడిలో ఇంగ్లీషు నేర్పిన పంతులమ్మకు చూపించాలనిపించేది. ఆవిడ యుద్ధంలోనే పోయింది.

ఈ రోజు ఉత్తరంలో నా పేరు ఉంది.

ఒక రోజు ముందే ఎలా పసిగట్టావని రాజధానిలో వెల్బీని మెచ్చుకున్నారట, ఆధారం ఎవరో చెప్పమన్నారట. చేతిరాతతో రాసి ఇచ్చాడు: 'మా టైపిస్టు బ్లజెన కొత్ర్బొవా, వంతెన పక్క వీధి, మూడో అంతస్తు. భర్త నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తా.'

"సంతోషమేనా? పేరు పెట్టాను" అన్నాడు.

మా కింది అంతస్తులో పత్రికలో పనిచేసే ఆయన్ని పోయిన ఆదివారం తీసుకువెళ్లారు. భార్య ఇంకా ఆయన బూట్లు గుమ్మం బయటే ఉంచుతోంది. ఈ కాగితం ఎవరి కంటనైనా పడితే ఎలా అని అడిగాను. రాయబార టపా సంచికి సీలు ఉంటుందన్నాడు. మరి ఇక్కడి నకలు? బీరువాలో ఉంటుందన్నాడు. "మీరు మరీ భయపడతారు. పన్నెండుకు సంచి వెళ్లిపోవాలి, కానివ్వండి." ఏదైనా జరిగితే అతను రైలెక్కి తన దేశం పోతాడు. నాకున్నది మూడో అంతస్తు.

ఇంట్లో చెప్పుకోవడానికి లేదు. నా భర్త ఒతకర్ ఆఫీసులో కమ్యూనిస్టులు కొత్త కమిటీ వేశారు. చేతులెత్తమంటే అందరితోపాటు ఎత్తాడు. మొదట నన్ను ఉద్యోగం మానెయ్యమన్నాడు. నిన్న భోజనాల దగ్గర, పులిసిన క్యాబేజీ రెండోసారి వడ్డించుకుంటూ మాట మార్చాడు.

"మానకులే. ఆ టైపు చేసే నల్ల కాగితాలున్నాయే, కార్బన్లు, రేపటివి ఇంటికి తే. వెలుతురుకు పెడితే చదవొచ్చట. కమిటీకి ఒక్కసారి ఇస్తే నా కుర్చీ నిలబడుతుంది."

"అవి పొయ్యిలో వెయ్యాలి, ఒతా. అది రూలు."

"వేసేది నువ్వేగా? ఎవరు చూడొచ్చారు?"

అత్తగారు చెంచా కింద పెట్టింది. "వాడి కుర్చీ పోతే నీ జీతంతో బతకమంటావా? నలుగురిలో తలెత్తుకోలేం, అమ్మాయ్."

ఒతకర్, వెల్బీ ఎన్నడూ కలుసుకోలేదు. కలిస్తే మాటలు కలిసేవేమో. నేను చూసినది ఇద్దరికీ కావాలి. చూసిన మనిషికి ఏమవుతుందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఈ ఉదయం వంతెన మీద నడుస్తూ ఒతకర్ గురించి ఆ మాట పైకే అనుకున్నాను, మా ఊరి యాసలో. వెనక వస్తున్న మనిషి చప్పుడు వినిపించి నోరు మూసుకున్నాను.

పదకొండున్నరకు కాగితం మరలో పెట్టాను. వెల్బీ చదవకుండా సంతకం పెడతాడు. "మీరు తప్పు చెయ్యరు" అంటాడు, ఇన్నాళ్లలో అతని నోట విన్న మెప్పు అదొక్కటే. మొదటి పేరా అతను రాసినట్టే కొట్టాను. నా పేరు ఉన్నచోట ఆగాను. తర్వాత ఇలా కొట్టాను: 'ఆ సంగతి గమనించినది నేను కాదు. రెండేళ్లుగా నా పేరుతో పంపినవాటిలో చాలా భాగం నేను చూసినవి కావు. నా గదిలో పొయ్యి వెలిగించే మనిషి చూసినవి. ఆ మనిషి పేరు అడగవద్దు.'

అతను కాఫీ తాగుతూ సంతకం పెట్టాడు. టపా చూసే ఉద్యోగి సంచికి సీలు వేసి పట్టుకుపోయాడు. నకలునూ, వెల్బీ చేతిరాత కాగితాన్నీ, కార్బన్‌నూ పొయ్యి దగ్గరకు తీసుకెళ్లాను. మంట వెలుగులో కార్బన్ మీద నా వాక్యం తిరగబడి కనిపించింది. ఒకసారి చదువుకున్నాను. దాన్ని చదివి ఇది ఎవరి మాటో పోల్చుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మూడూ వేసి తలుపు మూశాను.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఒతకర్ నాకంటే ముందే వచ్చి వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. దీపం దగ్గరకు లాక్కుని పెట్టుకున్నాడు. అత్తగారి చెప్పులు గుమ్మం పక్కన చల్లగా ఉన్నాయి. వాటిని దాటి లోపలికి వచ్చాను.

"తెచ్చావా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

ఎందుకు తేలేదో చెబుతానని అతనూ, బల్ల అవతల అత్తగారూ ఎదురుచూశారు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాను. పదకొండేళ్లలో 'లేదు' అన్న మాట వెనక కారణం అతికించకుండా వదిలెయ్యడం అదే మొదటిసారి.