ఎర్రగా వెలిగిన ట్యూబు

నోటీసు బోర్డు మీద పేరు ఒక్కటే ఉంది, నీలిమ. సుభాషిణి కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. రెండేళ్ళుగా అచ్చంపేట మాగాణుల్లో మోకాళ్ళ దాకా దిగి నీలాకుపచ్చ నాచు పట్టుకొచ్చింది తను. అందులో వెలుగును పట్టే భాగాల్ని చెదరకుండా విడదీసింది తను. ఇవాళ జానకిరామయ్య గారనే పెద్ద ప్రొఫెసర్ నరసరావుపేట కాలేజీకి వచ్చి ఆ పని చూసి, నచ్చితే పీహెచ్‌డీ సీటు ఇస్తారు. ఆ సీటు నీలిమకట!

"ఏందే ఇది?" అని పక్కనే ఉన్న నీలిమని నిలదీసింది.

"ఇద్దరి పేర్లూ పెడితే ఎవరికీ రాదన్నారే. నీకు మళ్ళీ ఏడాది ఉంటదిగా. ఏమనుకోబాకే," అంది నీలిమ, బోర్డు వంక చూస్తూ.

ఏమనుకోవద్దంట! ఒకే బల్ల మీద పనిచేసి, రోజూ క్యారేజీలు మార్చుకుని తిన్న మనిషి. నోట్సు అడిగితే నోట్సు ఇచ్చింది తను, ల్యాబు ఫ్రిజ్ తాళం అడిగితే తాళం ఇచ్చింది.  అయినా సుభాషిణి వెళ్ళి హాల్లో వెనక బెంచీలో కూర్చుంది.

"నాచు లోపలి పొరల మీద రంగుల గుత్తులుంటాయి సార్," అని మొదలుపెట్టింది నీలిమ. "పై రంగు పట్టిన వెలుగుని పక్క రంగుకి, అది ఇంకా లోపలి రంగుకి చేతులు మార్చి, చివరికి క్లోరోఫిల్‌కి అందిస్తాయి. దారిలో దాదాపు ఏమీ కారిపోదు."

రాజుపాలెం ఆటోలో కూర్చుని సుభాషిణి ఆమెకి చెప్పిన మాటలే అవి, పొల్లుపోకుండా.

నీలిమ నాచు రసం ఉన్న గాజు ట్యూబు మీదికి దీపం వేసింది. ట్యూబు నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. "చూడండి సార్, ఎంత వెలుగు అందుతోందో!"

హాలంతా చప్పట్లు. సుభాషిణి ముందుకు వంగి చూసింది. తన ట్యూబు ఎప్పుడూ అట్లా వెలగలేదు, వెలగకూడదు కూడా. బల్ల మీద సగం ఖాళీ అయిన క్యాంటీను నీళ్ళ సీసా అప్పుడు కనపడింది. ఓసి నీ తెలివి తెల్లారా! నాలుగు ట్యూబులకి చాలక నీళ్ళు పోసింది. చిక్కటి ఉప్పునీళ్ళలోనే నిలిచే గుత్తులవి, మామూలు నీళ్ళు తగిలితే ఊడిపోతాయి.

జానకిరామయ్య గారు వంగి చూశారు. "అమ్మా, వెలుగు లోపలికి అందితే ఇట్లా బయటికెందుకు కారుతోంది? గుత్తులు ఊడిపోయినై ఇందులో."

నీలిమ మొహం పాలిపోయింది. "తయారు చేసింది నేను కాదు సార్. సుభాషిణి."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ హాల్లో తన పేరు వినపడాలని రెండేళ్ళు ఎదురుచూసిందే, పాపం, ఇట్లాగా వినపడేది!

"నీదేనా అమ్మా?"

లేచి నిలబడింది.  "ఔను సార్. ఆ సీసాలో నీళ్ళు పోసేదాకా నాదే."

"పోయనిది ఉందా?"

"ఫ్రిజ్‌లో ఉంది సార్. తాళం నీలిమ దగ్గరుంది."

నడిచి వెళ్ళి చెయ్యి చాపింది. నీలిమ తల ఎత్తకుండా తాళం చేతిలో పెట్టింది. ఏడవకూడదనుకున్న సుభాషిణికి అప్పుడొచ్చింది ఏడుపు. తన సంచిలోంచి, పొద్దున మార్చుకున్న నీలిమ క్యారేజీ తీసి ట్యూబు పక్కన పెట్టింది.

"ఇవాళ్టి నుంచి ఎవరన్నం వాళ్ళే తిందామే," అని ఫ్రిజ్ వైపు వెళ్ళింది.