తారీఖుకు వదిలిన చోటు

నేను ఒక నల్లరాతి పలకను. గుంటూరు జిల్లాలో కన్యాస్త్రీలు నడిపే ఒక కాన్పుల ఆసుపత్రి గుమ్మం మీద ఉంటాను. నా ఒంటిమీద ‘ఓరా ఎత్ లబోరా’ అని లాటిన్ అక్షరాలు ఉన్నాయి. ప్రార్థించు, పనిచెయ్యి అని అర్థం. డెబ్భై ఏళ్ళుగా నా కింద నడిచినవాళ్ళలో అవి చదివినవాళ్ళు పదిమంది కూడా ఉండరు.

ఇది ఇటలీ మఠాల మాట. అక్కడి సన్యాసుల గురువు రాసిన నియమాల పుస్తకంలో ఈ మాట ఇలా లేదట. ఆయన బతకమన్న తీరును తర్వాతివాళ్ళు మూడు ముక్కల్లోకి కుదించి, ఆయన పేరు మీదే చలామణీ చేశారు. మనుషులకు ఇది మామూలే. ఆ మాటను ఇక్కడికి తెచ్చింది సిస్టర్ బెర్నార్డా. ఆసుపత్రి తెరిచిన కొత్తలో నన్ను చెక్కమని శౌరయ్యకు అప్పగించింది.

పాపం శౌరయ్య అంతవరకూ చెక్కినవన్నీ సమాధి రాళ్ళే. చేతి అలవాటుకొద్దీ నా మీద కూడా పైన చిన్న సిలువ వేసి, కింద జానెడు చోటు వదిలేశాడు.

“ఈ ఖాళీ ఎందుకు శౌరయ్యా?” అంది సిస్టర్.

“తారీఖుకండీ. అలవాటులో వదిలేశాను,” అన్నాడు సిగ్గుపడుతూ.

చివరి మాట చెక్కాల్సిన రోజు పొద్దున్నే అతని భార్య మర్తమ్మకు నొప్పులొచ్చాయి. ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఆ రెండు రాళ్ళూ అతనే చెక్కుకున్నాడు. వరండాలో నా పక్కన కూలబడ్డాడు.

“ప్రార్థన చేద్దామంటే నోరు పెగలట్లేదమ్మా.”

“నీ బదులు నేను చేస్తాను. నువ్వు పని చెయ్యి,” అని సిస్టర్ ఉలి అందించింది.

అందుకే నా చివరి అక్షరాలు కాస్త వంకర. నాకు అవే ఇష్టం.

మధ్యాహ్నానికి లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. శౌరయ్య నా మీద నుదురు ఆనించి ఏడ్చాడు. సిస్టర్ బయటికి వచ్చి, “ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఇక ఆ ఖాళీలో తారీఖు వెయ్యి,” అంది. వేశాడు. అతను చెక్కిన తారీఖుల్లో ఎవరూ చనిపోనిది అదొక్కటే.

తర్వాత వచ్చిన సిస్టర్లు దాన్ని ఆసుపత్రి తెరిచిన రోజు అనుకున్నారు. ఏటా ఆ రోజున తోరణాలు కడతారు, ఉపన్యాసాలిస్తారు, లడ్డూలు పంచుతారు. ఆ బిడ్డ ఆరోగ్యమ్మ ఇక్కడే ఆయాగా చేసి మానుకుంది. అయినా ఆ రోజు తప్పకుండా వస్తుంది. లడ్డూ పట్టుకుని నా కింద నిలబడి, తండ్రి చెక్కిన అంకెలు చూసుకుంటూ తింటుంది.

“అది నీ పుట్టినరోజని వాళ్ళకు చెప్పొచ్చుగా అమ్మమ్మా?” అని నిరుడు మనవరాలు అడిగింది.

“చెప్పమాకే. చెబితే మానేస్తారు,” అంది ఆరోగ్యమ్మ.