కపిల ఎద్దుల పందెం

కోయిలకుంట్ల పక్కన మా పుట్టింటి ఊళ్లో తిరుణాలకు బండి పందెం పెడతారు. దాన్ని మొదలుపెట్టినవాళ్ల నోట్లో మన్ను పొయ్య! ఆ పందెం వల్లే ఏడాదిపాటు నేను మా అమ్మ మొహం చూడలేదు.

ఒక ఏడు మా ఆయన మా కపిల ఎద్దుల్నే తీసుకుపోయి పందెపు బండికి కట్టాడు. బావి నీళ్లు తోడే కపిల పని తెలుసు కదా. ఎద్దులు బావి గట్టు నుంచి ఏటవాలుగా దిగితే తోలు బాన నీళ్లతో పైకొస్తుంది. నీళ్లు కాలవలో పడగానే అవి మళ్లీ గట్టు దాకా వెనక్కి నడవాలి. మా ఎద్దులు పందెంలో అందరికన్నా ముందు పరుగెత్తాయి. సరిగ్గా కపిల దారి అంత దూరం పోగానే టక్కున ఆగి, బుద్ధిమంతుల్లా వెనక్కి నడుచుకుంటూ బయలుదేరిన గీత దగ్గరికే వచ్చి నిలబడ్డాయి. జనం పడీపడీ నవ్వారు. మా తమ్ముడు నరసన్నకు అసలే నోరు ఊరుకోదు.

"బావా, పందేనికి వచ్చినావా, నీళ్లు తోడేకి వచ్చినావా?" అన్నాడు.

అంతే, మా ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. పందెం గెలిచేదాకా అత్తగారింట్లో మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. తను ముట్టకపోతే పీడా పోయింది, నన్నూ పోనివ్వలేదు!

"వాడు నోరు జారితే నేనేం పాపం చేసినా?" అని అడిగాను.

"కపిల మానిపిస్తే ఎద్దులు ఆ అలవాటు మర్చిపోతాయి" అన్నాడు. నేనడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి!

"మరి మిరప చేనికి నీళ్లెవరు తోడతారు?"

"మనమే. చిన్న బాన కడతాలే."

తోడాం. రెండు నెలలు కాడి భుజాన వేసుకుని మొగుడూ పెళ్లాం కపిల లాగాం. దిగడం, ఆగడం, వెనక్కి ఎక్కడం. ఎద్దులేమో నీడన పడుకుని నెమరేస్తూ మమ్మల్ని చూసేవి. దారినపోయేవాళ్లు నిలబడి చూసి, ఏమడగాలో తెలియక వెళ్లిపోయేవారు. నా నడుము విరిగినంత పనయింది. అమ్మ చేతి ఉగ్గాని తినాలన్న ఆశతోనే లాగాను.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటేడు. తిరుణాలకు మళ్లీ పోయాం. పందెం మొదలైంది. ఎద్దులు కిందటేడు ఆగిన చోటు దగ్గరికి వచ్చాయి. అవి ఆగలేదు! దుమ్ము లేపుకుంటూ పోయి గెలిచేశాయి. ఈల వేయబోయి, చుట్టూ పెద్దవాళ్లున్నారని గుర్తొచ్చి నోట్లోంచి వేళ్లు తీసేశాను.

ఊరిపెద్ద హనుమన్న అరుగు మీద నుంచి పిలిచాడు. "ఏమప్పా తిమ్మయ్యా, మా ఊరి ఆడబిడ్డను కూడా పిల్చుకోని రా. ఈ వెండి కడియం మీ ఇద్దరిదీ!"

బండి దగ్గర నుంచి అరుగు దాకా ఇద్దరం నడిచాం. కడియం తీసుకున్నాం, దండం పెట్టాం. జనం గొల్లున నవ్వారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. హనుమన్న మొహం మాత్రం మెల్లగా దూరమైపోతోంది. అప్పుడు తెలిసింది. నేనూ మా ఆయనా భుజం భుజం ఆనించుకుని, ఒకే అడుగు వేస్తూ వెనక్కి నడుస్తున్నాం! ఎద్దు మూతి నా వీపుకు తగిలేదాకా ఆగలేకపోయాం.

"అక్కా, నువ్వు కూడానా!" అంటూ నరసన్న నేలమీద పడి దొర్లాడు.

మా ఆయన మొహం కందిపోయింది. "బండెక్కు. ఇంక ఈ ఊరి గడ్డ తొక్కితే ఒట్టు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నేనెక్కను! ఎద్దులు పండుకోనుంటే నేను కాడి మోసినా, మా అమ్మను చూడాలని. నువ్వు కావాలంటే మన ఊరి దాకా ఎనక్కి నడుచుకుంటా పో. నేను మా అమ్మ కాడికి పోతాండా" అని అరిచి వచ్చేశాను.

అమ్మ గడపలోనే ఉంది. ఇద్దరం పట్టుకుని బావురుమన్నాం. నా భుజం నిమురుతుంటే, కాడి రాసుకుని కాయ కాసిన చోట ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇదేందే?" అంది. అంతా చెప్పాను.

ఇంతలో బండి చప్పుడైంది. మా ఆయన దిగి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

అమ్మ నడుముకు కొంగు చుట్టి ఎదురుపోయింది. "నా బిడ్డకు కాడి కట్టినావంట. నీకిప్పుడు అన్నం పెట్టాల్నా, గడ్డెయ్యాల్నా?"

మా ఆయన తల వంచుకున్నాడు. "ఏది పెట్టినా తింటా అత్తా" అన్నాడు.

అన్నమే పెట్టింది. మూడుసార్లు మారు అడిగి తిన్నాడు.