చివరి బెంచీ దాకా

కృపమ్మ స్టేజీ కిందికి పాకి, మొండి చీపురుతో బూజు దులుపుతోంది. మట్టెవాడలోని ఆ పాత నాటకశాలను ఊడ్చీ ఊడ్చీ పంతొమ్మిదేళ్లలో ఆమె నడుము వంగిపోయింది. చెక్కల కింద పన్నెండు పెద్ద కుండలు నేలలో పాతి ఉన్నాయి. మైకులు లేని రోజుల్లో పాత్రధారుల గొంతు వాటిలో మోగి చివరి బెంచీ దాకా పోయేదట. కుండలు మోగడమేమిటని కృపమ్మ ఎన్నడూ నమ్మలేదు. నిరుడు ఒక కుండలోంచి తేలు పాకి వచ్చినప్పటి నుంచి మాత్రం ఆమెకు కంటిమీద కునుకు లేదు. కరెంటు వైర్లు సరిచేయడానికి అక్కడ దూరేది ఆమె కొడుకు సుధీరే. ఇవాళ తేలు, రేపు పాము. ఉన్నది ఒక్కడు. అందుకే పోయిన నెల పాత చీరలు చింపి పన్నెండు కుండల్లోనూ కుక్కి, మూతుల మీద మట్టి మెత్తింది. ఎవరికీ చెప్పలేదు.

"ఏం కృపమ్మా, ఎలుకోలె అండ్లనే కాపురం పెట్టినవా? ఇంజనీరు సారొస్తాండు, బయటికి రా!"

పైనుంచి పాండురంగం. నలభై ఏళ్లు అక్కడ తెర లాగిన మనిషి. నాటకాలు ఆగిపోయినా రోజూ వస్తాడు.

మైకు లేకుండా మాట చివరిదాకా వినిపిస్తే మరమ్మతు, లేకుంటే కూల్చివేత అని ఇంజనీరు ముందే చెప్పాడు. వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. పాండురంగం కండువా సర్దుకుని, రొమ్ము విరిచి, తెర పక్కన విని నేర్చిన ఏదో నాటకంలోని రాజు మాటలు అందుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆఖరి మాట కూడా అయిపోయింది.

"ఇగ షురూ చెయ్ తాతా!" అని అక్కడినుంచి ఇంజనీరు కేకేశాడు.

స్టేజీ ఎక్కి పక్కన నిలబడ్డ కృపమ్మ తన కాళ్ల కింది చెక్కల వైపు చూసింది.

ఇంజనీరు ఫైలులో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. పాండురంగం స్టేజీ అంచున కూలబడ్డాడు.

"నా గొంతే సచ్చింది బిడ్డా. హాలును నేనే కూలగొట్టిన."

నిజం కృపమ్మ నోటిదాకా వచ్చింది. చెబితే పని పోతుంది. కింద దూరేది వాడేనని సుధీర్ మీద కేసు పెడితే?

"ఫికర్ జెయ్యకు బాపూ. గొంతుకు పటికబెల్లం తెస్త," అని వెళ్లి తెచ్చింది.

ఆయన ఒక ముక్క సగం కొరికి, మిగిలింది కాగితంలో పెట్టాడు. "రేపు సారును ఇంకోపారి పిలుద్దాం. జర నిమ్మలమైత." కళ్లు మూసుకుని స్తంభానికి ఆనుకున్నాడు.

ఆ మాటకు ఆమె నిలవలేకపోయింది. మళ్లీ కిందికి దూరింది. గోళ్లు విరుగుతున్నా మట్టి పెళ్లగించి, ఒక్కో కుండలోంచి గుడ్డలు లాగింది. పన్నెండోది కూడా అయ్యాక గట్టిగా అరిచింది.

"బాపూ! నీ గొంతుకేం కాలే! కుండలల్ల గుడ్డలు కుక్కింది నేనే!"

ఆ మాట చెక్కల్లోంచి లేచి, ఖాళీ బెంచీలన్నీ దాటి, చివరి గోడను తాకి వచ్చింది. ఆమె పైకి వచ్చి చూసేసరికి పాండురంగం గడ్డం రొమ్ము మీదికి వాలి ఉంది. పిలిచినా, కుదిపినా లేవలేదు.

పక్కన కాగితంలో, ఆయన కొరికి పెట్టిన పటికబెల్లం ముక్క ఇంకా తడారలేదు.