గడువు దాటిన రికార్డింగ్

2022 మే 14, శనివారం. మైపాడులో మగ్దలీనమ్మ ఇంట్లో ఎండు నెత్తళ్ళ పులుసు తిన్నాం. మామిడికాయ ముక్కలు వేసి పెట్టింది. సముద్రంలో చేపల వేట నిషేధించిన రోజులు, పచ్చి చేప లేదు.

ఇళ్ళకు తిరిగి చేపలమ్మే ఆడవాళ్ళ కోసం మా కంపెనీ అప్పట్లో ఒక యాప్ తయారుచేస్తోంది. వాళ్ళను కలిసి, వాళ్ళ పని ఎలా సాగుతుందో, యాప్ ఎంత పనికొస్తుందో తెలుసుకోవడం నా ఉద్యోగం. ఒంటరి మగవాడితో వాళ్ళు మనసు విప్పరని నా భార్య ఉషారాణి తోడు వచ్చింది. మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటానని, ఆరు నెలల్లో చెరిపేస్తానని మగ్దలీనమ్మకు చెప్పి మొదలుపెట్టాను.

ఆ దసరాకు ఉష పోయింది. నవంబరులో గడువు వచ్చింది. నేను చెరపలేదు. మా పెళ్ళి క్యాసెట్టు నిండా సన్నాయే, ఆమె గొంతు ఎక్కడా లేదు. ఈ నలభై నిమిషాల రికార్డింగులో ఉంది.

మూడేళ్ళు గడిచాయి. మొన్న సోమవారం చెన్నై నుంచి మా టీమ్ లీడర్ షారన్ ఫోను చేసింది.

"సార్, జనాన్ని కలిసేటప్పుడు మన టీమ్ పాటించాల్సిన సూత్రాలు మీరే రాయండి. చాంతాడంత వద్దు. గోడకి అంటిస్తే కొత్తవాళ్ళు కూడా నిలబడి చదవాలి."

అయిదు రాశాను. నాలుగోది: రికార్డింగు విషయంలో చెప్పిన గడువు దాటకూడదు. అది రాశాక ఆ కాగితం పంపడానికి చెయ్యి రాలేదు. ఉష మాటలు మాత్రం కత్తిరించి ఉంచుకుందామని చూశాను. ఆమె గొంతు వినిపించిన ప్రతిచోటా కింద మగ్దలీనమ్మ గొంతు ఉంది.

అడిగి ఉంచుకుందామని శనివారం సాయంత్రం మైపాడు బస్సెక్కాను.

మగ్దలీనమ్మ గుర్తుపట్టింది. ఉష సంగతి చెబితే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. వచ్చిన పని చెప్పాను.

"ఆరు నెలలకే తీసేస్తానన్నారు గదా సార్. ఎప్పుడో తీసేసుంటారనుకున్నా."

"తప్పు నాదేనమ్మా."

ఇద్దరం గడప మీద కూర్చుని తక్కువ శబ్దంలో విన్నాం. ఉష నవ్వితే ఆమె కూడా నవ్వింది. తరువాత తన మాటే వచ్చింది: 'మా ఆయనకి కళ్ళు తిరగతా ఉండాయమ్మా. పడవోళ్ళకి చెప్పలా. తెలిస్తే ఎక్కించుకోరు.'

మగ్దలీనమ్మ ఫోను మీద చెయ్యి పెట్టింది. లోపల మంచం మీద ఆమె భర్త హెబ్రోను నిద్రపోతున్నాడు.

"ఇప్పుడు బాగనే ఉండాడు. పోతానే ఉండాడు వేటకి. ఉంచుకోండి అని చెప్పాలనే ఉంది సార్ నాకు." ఆగింది. "తీసేయండి."

ఆమె చూస్తుండగానే తీసేశాను. నిజంగా తీసెయ్యాలా అని ఫోను మరోసారి అడిగింది. అవునని నొక్కాను.

ఏం చెయ్యాలో తోచక లేచి చెప్పులు వేసుకున్నాను.

"ఫోను ఆపినాక మీ ఆమె నాతో ఏమనిందో తెలుసా?" అంది మగ్దలీనమ్మ.

తెలియదన్నాను.

"గిన్నెలు తీస్తా ఉంటే వంటింట్లోకి వచ్చింది. యాప్ నిజంగా బాగుందా అక్కా అనింది. ఏం బాగు, తడి చేత్తో నొక్కితే పలకదు, అన్నా. మరి ఆయనతో బాగుందని చెప్పినావే అనింది. నా ఇంట్లో అన్నం తింటా ఉండే మనిషికి ఎట్టా చెప్పేది అన్నా. ఒకటే నవ్వు."

"తరువాత?"

"ఈపొద్దుకి తిననీలే అక్కా, ఆయన ఇంత ఇష్టంగా తిని శానా రోజులైంది, బస్సులో నేను చెప్తాలే అనింది."

ఆ రోజు బస్సులో ఉష చెప్పింది. ఇంకోసారి వెళ్ళి భోజనానికి ముందు అడగండి అంది. నేను వేళాకోళం అనుకున్నాను. ఆ యాప్‌ను ఆ ఊళ్ళో ఒక్కరూ వాడలేదు.

అక్కడే నిలబడి ఆరో సూత్రం చేర్చి షారన్‌కు పంపాను: వాళ్ళింట్లో తినకముందే అడగాలి.

వెంటనే జవాబు వచ్చింది. 'ఏం తిన్నారు సార్?'

ఏడున్నర బస్సు మలుపులో హారన్ కొట్టింది. కొంత దూరం నడిచి వెనక్కి చూశాను. తెల్లవారుజామున వేటకు లేవాల్సిన మనిషికి నిద్ర చెడకుండా, మగ్దలీనమ్మ తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూసింది.