అరువు చితెంజె

మా అక్క తియామికె లింబెలోని చర్చి బడిలో తాత్కాలిక టీచరు. ఆ శుక్రవారం కమిటీ కూర్చుని ఉద్యోగం ఖాయం చేస్తుందని పెద్దసారు మకావా గారు మాటిచ్చారు. సోమవారం సెలవు. అక్క ప్యాంటు వేసుకుని నన్ను బజారుకి తీసుకెళ్లింది. ప్యాంటు ఎందుకు వేసుకున్నావని తర్వాత అందరూ అడిగారు. నచ్చింది కాబట్టి అంది. ఆ జవాబు ఎవరికీ సరిపోలేదు.

మినీబస్సుల స్టాండులో ప్రయాణికుల్ని కేకేసి పిలిచే కుర్రాళ్లు ముందు ఈలలు వేశారు.

"ఏమ్మా, మొగుడి ప్యాంటు నువ్వేసుకొచ్చేస్తే పాపం ఆయనేం కట్టుకున్నాడు?"

అక్క తల తిప్పలేదు. అది వాళ్లకి పొగరులా కనిపించింది. చుట్టూ మూగారు. ఒకడు నడుము దగ్గర పట్టి లాగాడు. కుట్టు పరపరా చిరిగింది. నేను అరిచాను. ఫోన్లు పైకి లేచాయి.

టమాటాలు అమ్మే నాచిసాలే గారు వాళ్లని తోసుకుంటూ వచ్చింది. లంగా మీద చుట్టుకున్న చితెంజె గుడ్డ విప్పి అక్క నడుముకి కట్టి, కొస బిగించి దోపింది.

"తప్పుకోండ్రా! మీ ఇళ్లలో ఆడవాళ్లు లేరా?"

అది పార్టీ వాళ్లు సభలో పంచిన గుడ్డ. దాని మీద అచ్చేసిన నాయకుడి ముఖం సరిగ్గా అక్క వెనక వైపు పడింది. ఆ గాభరాలో మేం చూసుకోలేదు.

సాయంత్రానికి వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. అందులో లాగినవాడు లేడు. చిరిగిన ప్యాంటు, దాని మీద గుడ్డ, నడిచిపోతున్న అక్క, అంతే. ఆ పార్టీ ఆడవాళ్ల తీరే అంత అని కొందరు రాశారు. మా నాయకుడి మీద కూర్చుంటుందా అని ఆయన మనుషులు తిట్టారు. బైబిలు వాక్యాలు పెట్టినవాళ్లలో మా చర్చి వాళ్లూ ఉన్నారు. లాగినవాడు మర్నాడు కూడా అక్కడే నిలబడి "జోంబా! జోంబా!" అని ఆ ఊరి బస్సుకి జనాన్ని పిలుస్తున్నాడు.

బుధవారం మకావా గారు అక్కని పిలిపించారు.

"ప్యాంటు మాట నేనెత్తను తల్లీ. నేనంత పాతకాలపువాణ్ణి కాదు. కానీ టీచరు పార్టీ గుడ్డ కట్టుకుని ఊరేగితే ఎలా?"

"అది నాది కాదు సార్. నన్ను కప్పడానికి ఒకావిడ ఇచ్చింది."

"అయితే ఆ ముక్క ఆవిణ్ణే వచ్చి కమిటీకి చెప్పమను."

అక్క పొడుగు లంగా వేసుకుని, చితెంజె ఉతికి ఇస్త్రీ చేసి, బజారుకి పట్టుకెళ్లింది. నేనూ వెళ్లాను. నాచిసాలే గారు టమాటాలు కుప్పలు పోస్తూ తలెత్తలేదు.

"నేను రాలేనమ్మా. మన నాయకుణ్ణి ఎవత్తి నడుముకి కట్టావే అని మా పార్టీ ఆడవాళ్లు వచ్చి నిలదీశారు. నా దగ్గర లాక్కుపోయిందని చెప్పేశాను."

"లాక్కున్నానా పిన్నీ?"

"లేదు. నాకు తెలీదా? కానీ ఈ జాగా వాళ్లిచ్చిందే. రేపు లేవమంటే ఎక్కడ కూర్చోను?"

 పెద్దవాళ్లకి ఏదైనా ఇచ్చేటప్పుడు మేమంతా చేసినట్టే అక్క మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో గుడ్డ అందించింది. ఆవిడ అటూ ఇటూ చూసి, దాన్ని బుట్ట కింద తోసేసింది. అప్పటికే ఎవరో ఫోను ఎత్తారు.

శుక్రవారం కమిటీ చూసింది ఈ రెండో వీడియోనే. దొంగిలించిన గుడ్డ తిరిగిచ్చి క్షమాపణ అడుగుతున్న టీచరు అని దాని మీద రాసి ఉంది. ఆ గదిలో అందరి ఇళ్లలోనూ కూతుళ్లు అలాగే కూర్చుని అన్నం అందిస్తారు. అయినా దాన్ని క్షమాపణగానే లెక్కేశారు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది.

ఆ వీడియోకి మాత్రం తిట్లు తక్కువే వచ్చాయి. "ఇప్పుడు ఆడపిల్లలా ఉంది" అని రాశారు.