డాక్టరమ్మగారు అడగమన్నారు

ఆడపడుచు అర్ధమొగుడని మొదట అన్నది ఎవరో గానీ, వాళ్లకు లెక్కలు సరిగ్గా వచ్చినట్టు లేదు. తన ఆడపడుచు ఒకటిన్నరకు తక్కువ ఉండదని కోడలి నిశ్చితాభిప్రాయం. ఆవిడ వచ్చి కూర్చుందంటే ఇల్లు కాస్తా ఆసుపత్రి వార్డు అయిపోతుంది. తలనొప్పిగా ఉందన్న పాపానికి "పదికి ఎంత?" అంటుంది. నాలుగంటే "నిన్నెంత?" అంటుంది. కూరలో ఉప్పెక్కువైందని ఒక్క ముక్క అనడానికి కూడా, ఎంతమంది తిన్నారు, తిన్నవాళ్లలో ఎంతమంది మంచినీళ్లు అడిగారు అని కనుక్కుని గానీ అనదు. ఉప్పు తక్కువైన రోజున మాత్రం ఏ లెక్కా లేకుండా మొహం చిట్లిస్తుంది.

అయినా కోడలికి ఆవిడంటే ప్రాణం. ఆ మాట పైకి అనదు. అంటే పదికి ఎంత అని అడుగుతుందని భయం.

ఆడపడుచు పెద్దాసుపత్రిలో సర్జను. బండి గుద్దినవాళ్లూ, గోడ కూలి మీద పడ్డవాళ్లూ, యంత్రాల్లో ఇరుక్కున్నవాళ్లూ, క్షణం ఆలస్యమైతే దక్కని ప్రాణాలన్నీ ఆవిడ బల్ల మీదికే వస్తాయి. ఊరంతా ఆవిణ్ణి డాక్టరమ్మ అనే అంటుంది. అలా దక్కి ఇంటికి వెళ్లినవాళ్లు ఆ తరవాత ఎలా ఉన్నారన్నది ఆవిడ పరిశోధన. "కుట్లేసి పంపించి చేతులు దులుపుకుంటే చాలదే మరదలా! మనిషి తన చెప్పులు తను వంగి తొడుక్కోగలుగుతున్నాడా, తన సంచి తను మోసుకోగలుగుతున్నాడా, అది కదా బతకడమంటే" అంటుంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆవిడ ఒకటిన్నర మొగుడిలా ఉండదు, చక్కగా ఉంటుంది.

ఆ పరిశోధనలోకి మామగారు కూడా వచ్చి పడ్డారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. జనాన్ని పైకీ కిందికీ చేరవేస్తూ ఉద్యోగమంతా గడిపిన ఆయన్ను, రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం కూరగాయల సంచితో రోడ్డు దాటుతుండగా మోటారుసైకిలు కొట్టేసింది. కడుపులో ప్లీహం చితికి లోపలంతా నెత్తురు. సొంత తండ్రి మీద కత్తి పెట్టకూడదు కాబట్టి డాక్టరమ్మ ఆ పని తన శిష్యుడికి అప్పగించి ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుంది. ఆ తలుపుకు లోపలివైపే తప్ప బయటివైపు ఎరగని మనిషి! కోడలు మంచినీళ్ల సీసా చేతికిస్తే మూత ఎటు తిప్పాలో తెలియనట్టు దాన్నే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కోడలే మూత తీసి తాగించింది.

మామగారు బతికి ఇంటికొచ్చారు. ఆసుపత్రి వెనకవైపు ఒక వ్యాయామం గది ఉంది. గోడ వెంట పట్టుకుని నడిచే కమ్మీలు, ఎక్కి దిగడానికి చెక్కమెట్లు, ఎత్తడానికి చిన్నా పెద్దా ఇసుకసంచులు. అక్కడ నడకా లేవడమూ మళ్లీ మొదటినుంచి నేర్పే ఆయనకు మామగారు డ్రిల్లు మాస్టారని పేరు పెట్టారు. గది బయట బెంచీ. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లందరికీ పొట్ట మీద గాటే. చొక్కాలెత్తి ఎవరి కుట్లు పొడుగో కొలుచుకునే స్నేహాలు అవి. అందులో తాళాలాయన మామగారికి మరీ దగ్గర. తన తాళాల కొట్టు షట్టరు మీదపడి పేగు తెగినవాడు.

ఇలా ఉండగా ఒకనాడు పొద్దున మామగారికి ఫోనొచ్చింది. చెవి కాస్త మందం కాబట్టి స్పీకరు పెట్టి బాల్కనీలో నిలబడ్డారు. లోపల కోడలు బట్టలు పిండిన బకెట్టుతో ఆగిపోయింది.

"నమస్కారమండీ. పెద్దాసుపత్రి నుంచి. డాక్టరమ్మగారు మీ ఆరోగ్యం ఎలా ఉందో అడగమన్నారు."

"అడగమ్మా, అడుగు!"

"మెట్లు ఎక్కగలుగుతున్నారా?"

"రెండేసి ఎక్కుతున్నాను."

"నీళ్ల బకెట్టు ఎత్తగలరా?"

"చేతికొకటి."

"కుర్చీలోంచి ఎవరి సాయమూ లేకుండా లేవగలరా?"

"లేవడమేంటమ్మా, ఎగురుతున్నాను."

"నొప్పి, సున్నా నుంచి పదిలోపు..."

"సున్నా. దానికన్నా కింద ఏదైనా ఉంటే అదే వేసుకో తల్లీ."

ఇంతలో ఆయనకు దగ్గు వచ్చింది. ఫోను చటుక్కున దూరంగా పెట్టి, కుర్చీలో ఉన్న దిండు తీసి పొట్టకు అదుముకుని, నోరు మూసుకుని దగ్గారు. మొహం కందగడ్డలా అయింది. మళ్లీ ఫోను దగ్గరికి తెచ్చుకుని, "అంతేనా? ఇంకేమైనా ప్రశ్నలున్నాయా?" అన్నారు హుషారుగా.

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే గుమ్మంలో కోడలు.

"విన్నావా అమ్మాయ్?"

"విన్నాను మావయ్యగారూ. రెండేసి మెట్లా? లిఫ్టు దిగాక ఆ ఒక్క గడప దాటడానికి నా భుజం ఎందుకు మరి?"

"ఉష్! అది దాని పరీక్షమ్మా. చిన్నప్పుడు లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే అన్నం మానేసి మంచం కింద దూరింది. ఇప్పుడు కన్నతండ్రి చేతులారా తగ్గించనా?"

"పరీక్ష ఆవిడకు కాదు మావయ్యగారూ. మీకెలా ఉందో తెలుసుకోవాలనే..."

"నాకు తెలియదా? బెంచీలో అందరికీ చెప్పాను కూడా. మా అమ్మాయి పరీక్ష, ఎవరూ తక్కువ వెయ్యొద్దని. నువ్వు నోరు విప్పనని మాటివ్వు."

పొట్టకు దిండు పట్టుకుని నిలబడి అడిగేవాడికి కాదని ఎలా చెబుతుంది? ఇచ్చింది.

ఆదివారం డాక్టరమ్మ భోజనానికొచ్చింది. తమ్ముడు ఆదివారం కూడా పనిలోకి పోయే బాపతు కాబట్టి ఇంట్లో ముగ్గురే. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"మరదలా, పరిశోధన అయిపోయిందే! మొదట్లో ఫోనులు చేస్తే అప్పులిచ్చేవాళ్లనుకుని అందరూ పెట్టేసేవారా? నేనే కూర్చుని ఒక వాక్యం రాసిచ్చాను. డాక్టరమ్మగారు అడగమన్నారు అని. అంతే, ఒక్కరు పెట్టేస్తే ఒట్టు!"

"ఏమంటున్నారేంటి?" అంది కోడలు, కూర తిప్పుతూ.

"అందరూ బాగున్నారే! గదికొచ్చి వ్యాయామం చేసినవాళ్లు ఎంత బాగున్నారో, దూరమని రానివాళ్లూ అంతే బాగున్నారు. అంటే ఆ గది వల్ల తేడా ఏమీ లేదు. దాన్ని మూసేసి స్కానింగు మిషను పెట్టుకోవచ్చని రేపు పెద్దసారుకు చెప్పేస్తున్నాను."

హాల్లో మామగారు నీళ్లగ్లాసు కింద పెట్టేశారు.

"మూసేస్తారా తల్లీ? మరి డ్రిల్లు మాస్టారు?"

"వేరే వార్డులో వేస్తారు నాన్నా."

"ఉండనీరాదూ పాపం. ఒక మూల పడి ఉంటుంది కదా."

"ఎందుకు? నువ్వే రెండేసి మెట్లెక్కుతున్నావు."

"నేనని ఎవరు చెప్పారు? పేర్లు రాయరన్నావుగా!"

"పేర్లు రాయరు నాన్నా. కానీ నొప్పి సున్నాకన్నా తక్కువ వేసుకొమ్మన్నది ఈ భూమ్మీద నువ్వు కాక ఇంకెవరుంటారు?"

మామగారు నవ్వబోయి పొట్ట గుర్తొచ్చి మానేశారు. కోడలు వంటింటి గుమ్మంలోంచి ఆయన మొహం చూసింది. తన చేత్తో తానే తన గదికి తాళం వేసుకున్నవాడి మొహం అది. నిజం చెబితే కూతురికి మార్కులు తగ్గుతాయి. చెప్పకపోతే మంగళవారం నుంచి కమ్మీ పట్టుకుని నడిచే చోటు ఉండదు, తాళాలాయనా ఉండడు.

"వదినా, అంతమంది కడుపులు కోస్తే అందరూ అంత బాగుండటం నమ్మబుద్ధేస్తోందా?" అంది.

"లెక్కలు అబద్ధం ఆడవే."

"ఆడవు. పాపం, వాటికి నోరెక్కడిది?"

డాక్టరమ్మ ఈ మాట వినిపించుకోలేదు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. కోడలు గరిటె పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించింది. నోరు విప్పనని మాటిచ్చింది నిజమే. కానీ చేయి అందిస్తానని ఎవరికీ మాటివ్వలేదు.

పొద్దున లేచింది మొదలు మామగారి బాగోతాన్ని బాగోగులుగా చూపిస్తున్నది కోడలి చేతులే. ఎత్తు కుర్చీ ఆయన ఎక్కడికి పోతే అక్కడికి జరుపుతుంది. దిండు చేతికందేలా పెడుతుంది. చెంబులో నీళ్లు సగమే పోస్తుంది. ఆయన లేవబోతున్నాడనగానే ఏదో పనున్నట్టు వెళ్లి పక్కన నిలబడి మోచేయి ఆనిస్తుంది. ఇవన్నీ ఎంత మామూలుగా చేస్తుందంటే, చూసేవాళ్లకు ఆయన నిజంగానే ఎగురుతున్నట్టు ఉంటుంది.

ఆ పూట ఎత్తు కుర్చీ మీద ఉతికిన దుప్పట్లు కుప్పగా పోసింది. దిండు తీసుకెళ్లి గదిలో పెట్టింది. బాల్కనీలోకి వెళ్లి వచ్చిన మామగారికి కూర్చోవడానికి లోతు సోఫా ఒక్కటే మిగిలింది. కూర్చున్నారు. కూర్చున్నారనడం కన్నా దిగిపోయారనడం సబబు.

"నాన్నా, మరదలు వడ్డించింది. రా!"

"మీరు కానివ్వండి. ఈ వార్త చదివి వస్తాను."

"అది నిన్నటి పేపరు నాన్నా."

"నిన్న సరిగ్గా చదవలేదు."

డాక్టరమ్మ కంచం ముందు కూర్చునే తండ్రి వంక చూసింది. ఆయన రెండు చేతులూ సోఫా మీద ఆనించి ఒకసారి ఊగి, మళ్లీ పేపరు తీసుకున్నారు. కళ్లు కోడలి కోసం వెతికాయి. కోడలి కాళ్లు వాటంతట అవే అటు వెళ్లబోయాయి. ఆమె గరిటెను కర్రలా పట్టుకుని వాటిని ఆపుకుంది. ఇంత చెడ్డపని పెళ్లయి వచ్చాక చేయలేదు.

సరిగ్గా అప్పుడు ఆయనకు దగ్గు వచ్చింది. చేయి పక్కకు పోయింది, దిండు లేదు. రెండు చేతులూ పొట్టకు చుట్టుకుని ముందుకు వంగిపోయారు. ఇక కోడలి వల్ల కాలేదు. గదిలోకి పరుగెత్తి దిండు తెచ్చింది. అప్పటికే డాక్టరమ్మ కుర్చీ తోసేసి తండ్రి ముందు మోకాళ్ల మీద ఉంది. మరదలి చేతిలోంచి దిండు లాక్కుని ఆయన పొట్టకు ఆనించి, రెండో చేయి వీపు వెనక వేసింది.

"మెల్లగా నాన్నా, మెల్లగా. ఎన్నాళ్లుగా ఇలా?"

"ఇవాళే..."

"నాన్నా."

"ఇవాళే కాదులే. రోజూనూ."

"మరి ఫోనులో అలా ఎందుకు చెప్పావు?"

"నీ మార్కులు తగ్గుతాయని!" ఆయన గొంతు పసిపిల్లాడిలా అయింది. "ఎవరో పరాయి పిల్ల అడుగుతుంటే, మా అమ్మాయి ఆసుపత్రిలో బాగుచేయించుకుని కూడా నాకింకా నొప్పిగా ఉందని ఎలా చెప్పను?"

డాక్టరమ్మ కోపమంతా మరదలి మీదికి తిరిగింది. "ఇల్లంతా చూసేదానివి, నువ్వు చెప్పొద్దూ?"

"నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నారు వదినా. అందుకే మరి, దుప్పట్లు కుర్చీలో వేశాను."

డాక్టరమ్మ దుప్పట్ల కుప్పనూ, దిండునూ, మరదలినీ వరసగా చూసింది. నవ్వు వచ్చింది గానీ ఒప్పుకోలేదు.

"సరే, నాన్న ఒక్కడు. అంతమందిలో ఒక్కడి జవాబు తప్పయితే కొంప మునగదు."

"ఒక్కణ్ణే కాదు తల్లీ" అన్నారు మామగారు నెమ్మదిగా. "బెంచీ అంతానూ."

"బెంచీ సరే. ఆ గది మొహం చూడనివాళ్లు, నిన్ను ఎరగనివాళ్లు ఎంతోమంది ఉన్నారుగా? వాళ్లకు ఎవరు చెప్పారు?"

మామగారు ఫోను తీసి, "తాళాలవాణ్ణి అడుగుదాం. వాడికి నాకన్నా ముందే ఫోనొచ్చింది, నేను చెప్పకముందే" అని స్పీకరు పెట్టి, కూతురిని మాట్లాడవద్దని సైగ చేశారు.

"ఏరా, ఎలా ఉన్నావు?"

"ఏం ఉండటం అన్నా! కింద కూర్చుంటే లేవలేను. షట్టరు మా ఆవిడ ఎత్తుతోంది. ఆ గదిలో రెండు పూటలు నడిస్తే ఓ మోస్తరుగా ఉంటుంది, లేదంటే అంతే సంగతులు."

"మరి ఆసుపత్రి ఫోనులో ఏం చెప్పావు?"

"బంగారంలా ఉన్నానన్నాను."

"ఎందుకురా?"

"భలేవాడివన్నా! డాక్టరమ్మగారు అడగమన్నారు అంటోంది ఆ పిల్ల. నెత్తురు మడుగులో ఉన్నవాణ్ణి తీసుకెళ్లి కుట్టిన తల్లి అడుగుతుంటే, ఇంకా నొప్పిగా ఉందమ్మా అని ఆ చేతికి వంక పెడతామా? పక్కింటాయన అడిగితే నిజం చెబుతాను గానీ."

మామగారు ఫోను పెట్టేశారు. డాక్టరమ్మ నేల మీదే కూర్చుని, దిండు ఇంకా అలాగే తండ్రి పొట్టకు పట్టుకుని ఉంది.

"ఆ వాక్యం నేనే రాశాను" అంది చివరికి, తనలో తను.

"మార్కులు బాగా తగ్గుతాయా?" అన్నారు మామగారు భయంభయంగా.

"తగ్గితే తగ్గనీ నాన్నా. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ నాకు మార్కులు వెయ్యకు. నొప్పుంటే నొప్పుందని చెప్పు."

"నొప్పుంది" అన్నారాయన వెంటనే, వరమేదో దొరికినట్టు. "ఎడమ పక్కన. దగ్గినప్పుడు మరీనూ."

డాక్టరమ్మ పదికి ఎంత అని అడగలేదు. మరదలి చేయి పట్టుకుని లేచి, ఇద్దరూ చెరోవైపూ పట్టి ఆయన్ను సోఫాలోంచి లేపి, దుప్పట్లు తీసి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. అన్నం చల్లారిపోతోంది. ఆవిడ కంచం దగ్గరికి వెళ్లకుండా ఫోను తీసింది.

"రేపు చెప్పొచ్చు కదా వదినా, తిన్నాక ఆలోచించి..." అంది కోడలు.

"రేపటికి మంచి మాటలు వెతుక్కుంటాను. ఇప్పుడే నయం." అవతల ఎవరో ఎత్తారు. "సార్, ఆదివారం పూట మన్నించాలి. ఆ గది మూయొద్దు సార్... లేదు, రోగులు బాగా లేరు. వాళ్ల తప్పు కాదు, నా పేరు చెప్పి అడిగించాను, నేను నొచ్చుకుంటానని వాళ్లు దాచారు. అందరినీ మళ్లీ అడగాలి, ఈసారి నన్ను ఎరగనివాళ్ల చేత... ఏమన్నారు సార్? సరిగ్గా వినబడలేదా?"

ఆవిడ ఒకసారి తండ్రి వైపు చూసి, గొంతు పెంచింది.

"తప్పు నాది సార్. నేనే తప్పు చేశాను."